చారాణా కోడికి బారాణా మసాలా: కంప్యూటర్ కరెంటు ఎక్కడికి పోతోంది?

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి ఏఐ డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. పెట్టుబడి గురించి, ఉద్యోగాల గురించి చాలా చర్చ జరిగింది. నా మనసు మాత్రం ‘గిగావాట్’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు. విశాఖ పక్కనే ఉన్న సింహాద్రి థర్మల్ కేంద్రం పూర్తి సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగం అన్నమాట.

మనిషి మెదడు నడవడానికి సుమారు 20 వాట్లు చాలు. గిగావాట్‌ను 20తో భాగించి చూడండి. ఐదు కోట్లు వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనం దాదాపు అంతే. అంటే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ మొదలు మంచం పట్టిన ముసలమ్మ వరకు, ఆ జనాభా లెక్కల్లోని అందరి మెదళ్లూ కలిపి వాడుకునే శక్తి ఒక గిగావాట్.

ఈ పోలిక చూడగానే యంత్రం దండగ అని తేల్చేస్తే తొందరపాటే. డేటా సెంటర్ ఒక్కరి కోసం పనిచేయదు, కోట్లమందికి జవాబులిస్తుంది. మెదడుకు తిండి పెట్టడానికి ఒక ఒళ్లు కావాలి, అది చదువుకుని తయారవడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. లెక్కల విషయంలో అయితే పోటీయే లేదు. సెకనుకు ఒక కూడిక చొప్పున మనిషి ఎనభై ఏళ్లు రాత్రింబవళ్లు చేసినా, అది చేతిలోని ఫోను ఒక్క సెకనులో చేసే పనికి సరితూగదు. అయినా తెలిసినవాళ్ల ముఖం గుంపులో పట్టుకోవడం, చీకట్లో మెట్లు దిగడం, సగం విన్న మాటను పూర్తి చేసుకోవడం లాంటి పనులు మెదడు ఒక చిన్న బల్బు ఖర్చుతో చేస్తోంది. ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? మెదడు ఏదో మహాద్భుతం కాబట్టి అనే జవాబుతో నాకు తృప్తి లేదు. అందులో చాలా భాగానికి లెక్క చెప్పవచ్చు. ఆ లెక్క పేరు మోత కూలి.

పోపుల డబ్బా

మన వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిరపకాయలు చెయ్యి చాచితే అందుతాయి. నూనె కాగాక ఆవాల కోసం పక్క వీధికి వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. కందిపప్పు డబ్బా అల్మారాలో ఉంటుంది, బియ్యం బస్తా స్టోర్‌రూమ్‌లో ఉంటుంది. ఎంత తరచుగా వాడితే అంత దగ్గర. కంప్యూటర్ లోపలా ఇదే అమరిక. ప్రాసెసర్ పొయ్యి అనుకుంటే, దాన్ని ఆనుకుని ఉండే క్యాష్ మెమరీ పోపుల డబ్బా. ర్యామ్ స్టోర్‌రూమ్. హార్డ్ డిస్క్ కిరాణా కొట్టు.

ఒక్కో అడుగుకు ఎంత ఖర్చవుతుందో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో చూపించిన లెక్కలు ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. 45 నానోమీటర్ల చిప్‌లో రెండు పూర్ణ సంఖ్యలను కూడటానికి 0.1 పికోజౌల్ (పికోజౌల్ అంటే ఒక జౌల్ శక్తిలో లక్ష కోట్లవ వంతు) పడుతుంది. రెండు దశాంశ సంఖ్యలను గుణించడానికి 3.7. అదే, గుణించాల్సిన ఒక సంఖ్యను చిప్ బయట ఉన్న ర్యామ్ నుంచి తేవడానికి సుమారు 640 పికోజౌళ్లు. గుణకారం కన్నా ఆ సంఖ్యను మోసుకురావడానికి 170 రెట్లు ఎక్కువ. తెలంగాణలో చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. ఇక్కడ మసాలా బారాణాతో ఆగలేదు. ఆ తర్వాత వచ్చిన చిప్‌లలో అంకెలు మారాయి కానీ కథ మారలేదు. నిజానికి లెక్క చౌక అయినంత వేగంగా రవాణా చౌక కాలేదు.

ఈ అమరిక ఎక్కడ పుట్టిందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1945 జూన్‌లో జాన్ వాన్ నోయ్‌మన్ అనే గణిత శాస్త్రవేత్త ఎడ్‌వ్యాక్ అనే కంప్యూటర్ గురించి ఒక ముసాయిదా నివేదిక రాశారు. లెక్కించే భాగం ఒకచోట, గుర్తుపెట్టుకునే భాగం మరోచోట, మధ్యలో దారి. ఈనాటి కంప్యూటర్లన్నిటికీ మూలం అదే. ఆ ఆలోచనల్లో ఎకర్ట్, మాక్లీ అనే ఇంజనీర్ల వాటా చాలా ఉంది, నివేదిక మీద మాత్రం ఒక్కరి పేరే ఉంది. అది వాళ్లకు జరిగిన అన్యాయమనే నేను అనుకుంటాను. ఆ నివేదికలో ఉటంకించిన పరిశోధన ఒకే ఒక్కటి. అది కంప్యూటర్ల గురించి కాదు, మెదడు గురించి. మెదడు కణాలైన న్యూరాన్లను ‘అవును, కాదు’ అని తేల్చే చిన్న తర్క యంత్రాలుగా ఊహిస్తూ 1943లో మెకల్లక్, పిట్స్ రాసిన పత్రం. అంటే మెదడుకు పూర్తిగా భిన్నమని మనం ఈరోజు చెప్పుకునే యంత్రాన్ని మొదట మెదడు భాషలోనే వర్ణించారు.

మెమరీకీ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న ఆ దారిని సన్నని గొట్టంతో పోలుస్తూ, కంప్యూటింగ్ అంతా అందులోంచే దూరాల్సి వస్తోందని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ బాకస్ 1977లో ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో గట్టిగా చెప్పారు. అప్పట్లో దాన్ని పట్టించుకోవాల్సిన తొందర లేదు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ అది వాడే కరెంటు కూడా తగ్గుతూ వచ్చేది. 2005 ప్రాంతంలో ఆ సౌకర్యం ఆగిపోయింది. ప్రాసెసర్ అడుగులకు తాళం వేసే గడియారం వేగం 3, 4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడిపోయింది. మీ పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కూ ఇప్పటిదానికీ ఆ అంకెలో పెద్ద తేడా ఎందుకు లేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఏఐ వచ్చాక గొట్టం ఇరుకు బాగా బయటపడింది. 7,000 కోట్ల పారామీటర్లున్న, అంటే నేర్చుకుని దాచుకున్న అంకెలున్న, భాషా నమూనా ఉందనుకోండి. ఒక్కోటి రెండు బైట్లు అనుకుంటే మొత్తం 140 గిగాబైట్లు. అది జవాబులో ఒక్కో టోకెన్, అంటే ఒక్కో మాట ముక్క, రాయడానికి ఆ 140 గిగాబైట్లనూ మెమరీ నుంచి మళ్లీ చదవాలి. తర్వాతి ముక్కకు మళ్లీ మొదటినుంచి. అందుకే కంపెనీలు చాలామంది ప్రశ్నలను కలిపి, ఒకసారి తెచ్చిన సరుకుతో పెళ్లి వంటలా అందరికీ ఒకేసారి వండుతాయి. తెలుగువాళ్లకు ఇందులో ఇంకో బాధ ఉంది. కంప్యూటర్‌లో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు కావాలి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైన నమూనాలు తెలుగు మాటను ఎక్కువ ముక్కలు చేస్తాయి. ముక్కలు పెరిగితే తిరుగుడూ పెరుగుతుంది. అదే విషయం మన భాషలో అడిగితే యంత్రం ఎక్కువసార్లు స్టోర్‌రూమ్‌కు వెళ్లి రావాలి.

తూము

మెదడులో స్టోర్‌రూమ్ లేదు. సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, వాటి మధ్య దాదాపు వంద లక్షల కోట్ల సినాప్స్‌లు. సినాప్స్ అంటే ఒక న్యూరాన్ ఇంకోదానికి సంకేతం అందించే చోటు. నేర్చుకున్నది ఆ చోట్ల బలాబలాల్లోనే దాగి ఉంటుంది. లెక్క జరిగేదీ అక్కడే. ఇది మాటల్లో చెబితే పట్టుబడదు, గోదావరి డెల్టాలో నీళ్లు పారే తీరు చూస్తే ఇట్టే అర్థమవుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలు, వాటినుంచి బోదెలు, ఆ బోదెల మీద తూములు. ఒక చేలోకి మూడు తూముల నుంచి నీళ్లు వస్తున్నాయనుకోండి. ఒకటి సగం తెరిచి ఉంది, ఒకటి పావు వంతు, ఒకటి పూర్తిగా. కాలువలో నీళ్లు పెరిగితే ఒక్కో తూము తను తెరుచుకున్న మేరకు వదులుతుంది. ఇది గుణకారం. చేలో అవన్నీ కలుస్తాయి. ఇది కూడిక. ఏ తూము ఎంత తెరవాలన్న నిర్ణయం ఏ ఆఫీసు రిజిస్టర్‌లోనో వెతకనక్కర్లేదు, ఆ పలక ఎత్తులోనే అది ఉంది. నీళ్లు పారడమే లెక్క, పలక ఎత్తే జ్ఞాపకం. చేలో నీళ్లు ఒక మట్టం దాటితే గట్టు పొర్లి పక్క బోదెలోకి పడతాయి. న్యూరాన్ కూడా వచ్చిన సంకేతాలను కలుపుకుని, ఒక హద్దు దాటగానే ఒక్క విద్యుత్ తరంగం పంపి మళ్లీ ఊరుకుంటుంది.

పోలిక ఇక్కడివరకే పనికొస్తుంది. అసలు న్యూరాన్ ఇంతకన్నా చాలా చిక్కైనది. దాని కొమ్మల్లోనే చిన్న చిన్న లెక్కలు జరుగుతాయి. మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లోని ఒకే ఒక్క పిరమిడ్ న్యూరాన్ ప్రవర్తనను అనుకరించడానికి 5 నుంచి 8 పొరల కృత్రిమ న్యూరాన్ల జాలం కావాల్సి వచ్చిందని 2021లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. కాబట్టి న్యూరాన్లు ఇన్ని, ట్రాన్సిస్టర్లు ఇన్ని అని పక్కపక్కన పెట్టి మార్కులు వేసే పద్ధతి నాకు నచ్చదు.

ఇంకో విషయం. సినాప్స్ నమ్మకమైనది కాదు. సంకేతం వచ్చినా చాలాసార్లు అది స్పందించకుండా ఊరుకుంటుంది. అందులో దాగిన అంకెకు కచ్చితత్వం కూడా తక్కువే. ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్ భాగాన్ని కొలిచి, ఒక్కో సినాప్స్ సుమారు 4.7 బిట్ల సమాచారం దాచగలదని సాల్క్ సంస్థ పరిశోధకులు 2015లో అంచనా వేశారు. అంటే మహా అయితే ఇరవై ఆరు రకాల బలాలు. ఇంత బండ అంకెలతో, ఇంత తడబాటుతో మెదడు పని ఎలా నెగ్గుకొస్తోంది? వేలమంది సాక్ష్యం కలిపి నిర్ణయం తీసుకుంటుంది కాబట్టి. ఒక్కరు తప్పినా ఫలితం మారదు.

మెదడుకూ తప్పని మోత కూలి

ఇక్కడ చాలామంది వ్యాసాలు ఆపేస్తారు: మెదడులో జ్ఞాపకం, లెక్క ఒకేచోట ఉన్నాయి, కాబట్టి రవాణా ఖర్చు లేదు అని. అది నిజం కాదు. 2021లో వర్జీనియా యూనివర్సిటీకి చెందిన విలియం లెవీ, విక్టోరియా కాల్వర్ట్ మనిషి కార్టెక్స్ శక్తి ఖాతాను పద్దులుగా విడగొట్టారు. లెక్క చేయడానికి 0.1 వాట్. ఆ ఫలితాలను ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరవేయడానికి 3.5 వాట్లు. ముప్ఫై ఐదు రెట్లు!

ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. కోట్ల ఏళ్ల పరిణామం కూడా మోత కూలిని తప్పించలేకపోయింది. అయితే అది కూలి తగ్గించుకునే మార్గాలు నేర్చుకుంది. అవన్నీ పిసినారి ఇల్లాలి పొదుపు లాంటివి.

మొదటిది, నోరు మెదపకపోవడం. శక్తి సరఫరాను బట్టి చూస్తే కార్టెక్స్‌లో ఒకే సమయంలో గట్టిగా పనిచేయగల న్యూరాన్లు 1 శాతం అటూ ఇటూ అని 2003లో పీటర్ లెనీ లెక్కగట్టారు. మనం మెదడులో పది శాతమే వాడుకుంటాం అనే అబద్ధంతో దీన్ని కలిపేయకండి. అన్నీ వాడతాం, అన్నీ ఒకేసారి వాడం. పియానోలో అన్ని మెట్లూ ఒకేసారి నొక్కితే వచ్చేది సంగీతం కాదు కదా. కంప్యూటర్‌లో అయితే గడియారం సెకనుకు వందల కోట్లసార్లు కొడుతూనే ఉంటుంది, చెప్పడానికి కొత్త కబురు ఉన్నా లేకపోయినా.

రెండోది, పక్కింటివాళ్లతోనే మాట్లాడటం. కార్టెక్స్‌లో సుమారు 1,600 కోట్ల న్యూరాన్లు ఉంటే, కుడి ఎడమ అర్ధగోళాలను కలిపే వంతెనలో ఉన్న తీగలు 20 కోట్లకు కాస్త అటూ ఇటూ. అంటే సుమారు ఎనభై న్యూరాన్లకు ఒక్క తీగ. దూరపు కబురు ఖరీదైనది, అందుకే తేల్చి, కుదించి, అవసరమైనదే పంపుతుంది.

ఇప్పుడు మళ్లీ యంత్రాల వైపు చూడండి. అక్కడి ఇంజనీర్లలో చాలామంది మెదడును నకలు కొట్టే పనిలో లేరు, కరెంటు బిల్లు తగ్గించే పనిలో ఉన్నారు. అయినా వాళ్లు వచ్చి చేరుతున్న చోటు చూడండి. ఒక్కో పారామీటర్‌కు ఒకప్పుడు 32 బిట్లు వాడేవారు. తర్వాత 16, ఆపై 8, ఇప్పుడు 4 బిట్లతో నడిపేస్తున్నారు. సినాప్స్ 4.7 దగ్గరికి యంత్రం తన దారిలో తను నడిచి వచ్చింది. 2024 చివర్లో వచ్చిన చైనా నమూనా డీప్‌సీక్ వీ3లో మొత్తం 67,100 కోట్ల పారామీటర్లు, కానీ ఒక్కో టోకెన్‌కు మేల్కొనేవి 3,700 కోట్లు మాత్రమే. మిగతావి నోరు మెదపవు. 2023లో ఐబీఎంలో ధర్మేంద్ర మోదా బృందం తయారు చేసిన నార్త్‌పోల్ చిప్‌లో మెమరీని 256 కోర్ల, అంటే చిన్న లెక్క కేంద్రాల, మధ్యే పంచేశారు, లెక్కలో ఉండగా బయటి స్టోర్‌రూమ్‌కు వెళ్లే పనే లేదు. బాధ ఒకటే అయితే మందులు కూడా దగ్గరపడతాయి. కంప్యూటింగ్ భవిష్యత్తు గురించి నేను నమ్మకంగా చెప్పగలిగేది ఇదే: లెక్కను వేగంగా చేసేవాళ్ల కన్నా సరుకును తక్కువగా కదిలించేవాళ్లే ముందుంటారు.

మెదడును నేరుగా అనుకరించే ప్రయత్నాలూ ఉన్నాయి. వాటి చరిత్ర పాతదే. 1980లలో క్యాల్‌టెక్‌లో కార్వర్ మీడ్, ఆయన విద్యార్థిని మిషా మహోవాల్డ్ సిలికాన్‌తో కంటి రెటీనాను కట్టారు. ‘న్యూరోమార్ఫిక్’ అన్న పేరు మీడ్ పెట్టిందే. 2014లో ఐబీఎం ట్రూనార్త్ చిప్ పది లక్షల న్యూరాన్లను 70 మిల్లీవాట్లతో నడిపింది. 2024లో ఇంటెల్ తెచ్చిన హాలా పాయింట్‌లో 115 కోట్ల న్యూరాన్లు, గరిష్ఠంగా 2,600 వాట్లు. మరి ఇవి మన బల్ల మీదికి ఎందుకు రాలేదు? ముఖ్య కారణం చదువు చెప్పడం కష్టం. ఈనాటి ఏఐ నేర్చుకునే పద్ధతి, తప్పు ఎటు వాలి ఉందో చూసుకుని ప్రతి అంకెనూ కొద్దికొద్దిగా సర్దుకోవడం. కొండ వాలు నున్నగా ఉంటేనే ఆ దారి తెలుస్తుంది. ‘కొట్టు, ఊరుకో’ అనే న్యూరాన్ సంకేతం మెట్టులా ఉంటుంది, వాలు ఉండదు. దీనికి చిట్కాలు కనిపెట్టారు కానీ, ఆటల కోసం పుట్టి ఏఐకి అబ్బిన జీపీయూ చిప్‌ల చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడటం తేలిక కాదు.

తూము పద్ధతిని అలాగే దింపేసే మార్గం ఇంకొకటి. విద్యుత్ నిరోధకాలనే జ్ఞాపకంగా వాడి, ఓమ్ నియమంతో గుణకారం, తీగల కూడలిలో ప్రవాహాలు కలవడంతో కూడిక చేయించడం. దీనికి పనికొచ్చే మెమ్రిస్టర్ అనే పరికరాన్ని లియాన్ చువా 1971లో కాగితం మీద ఊహించారు, అది తమ చేతికి చిక్కిందని హెచ్‌పీ ల్యాబ్ 2008లో ప్రకటించింది. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం అణువుల పొరలో 16,500 వేర్వేరు స్థాయిలను నిలబెట్టి చూపించింది. మన దేశంలో జరిగింది కాబట్టి పొగడటం లేదు, ఈ రంగంలో అది నిజంగా పెద్ద అడుగు. చిక్కల్లా చివర్లో ఉంది. వచ్చిన ప్రవాహాన్ని మళ్లీ అంకెగా మార్చాలి, ఆ మార్పిడికే బోలెడు శక్తి పోతుంది. పైగా వేడికి, కాలానికి తూము పలక కొద్దిగా జారుతుంది. ఒక చిప్‌లో జారినట్టు ఇంకో చిప్‌లో జారదు.

ఈ జారుడు దగ్గరే అసలు ప్రశ్న ఉందని నాకు అనిపిస్తుంది. ప్రతి చిప్ తనదైన వంకరతో ఉంటే, ఒకదాని జ్ఞానాన్ని ఫైలులా తీసి ఇంకోదానిలో పెట్టడం కుదరదు. ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ 2022 చివర్లో దీనికి ఒక పేరు పెట్టారు. తెలుగులో మర్త్య గణన అనవచ్చు: ఒంటితో పుట్టి, ఒంటితో పోయే లెక్క. మామూలు కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌కు చావు లేదు. యంత్రం కాలిపోయినా కాపీ ఉంటే చాలు, ఇంకో యంత్రంలో అదే బతుకుతుంది. ఆ చిరంజీవితనం కోసం ప్రతి ట్రాన్సిస్టర్ మరో ట్రాన్సిస్టర్‌లా అచ్చుగుద్దినట్టు ప్రవర్తించాలి, జ్ఞాపకాన్ని లెక్క నుంచి విడదీసి ఉంచాలి, మోత కూలి కడుతూనే ఉండాలి. మనం కట్టే కరెంటు బిల్లులో పెద్ద భాగం ఆ కాపీ చేసుకునే హక్కుకు చెల్లించే ధర. మెదడు ఆ హక్కును వదులుకుంది. అందుకే అది 20 వాట్లతో నడుస్తుంది. అందుకే అది పోతే అందులోని విద్య కూడా పోతుంది, గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళ్లిన మేరకు తప్ప.

పెద్ద డేటా సెంటర్లు చావు లేని దారిలోనే ఉంటాయని నా అంచనా. ఒకసారి నేర్పి లక్ష యంత్రాలకు పంచిపెట్టే లాభాన్ని ఎవరూ వదులుకోరు. చిన్న పరికరాల సంగతి వేరు. చెవి వెనక పెట్టుకునే వినికిడి యంత్రాన్నే తీసుకోండి. దానికి గిగావాట్లు లేవు, బఠాణీ గింజంత బ్యాటరీ ఉంది. ఒక తాతగారి చెవిలో మూడేళ్లు ఉండి, ఆయన మనవరాలి గొంతును కుక్కర్ విజిల్ మధ్య కూడా పట్టుకోవడం అది నేర్చుకుందనుకుందాం. అదొక మర్త్య చిప్ అయితే, ఆ నేర్పు దాని లోపలి నిరోధకాల వంకరల్లోనే ఉంటుంది. ఎవరూ దాన్ని బయటికి తీసి భద్రపరచలేరు. అది పాడైన రోజున కొత్తది కొని తెస్తారు. మనవరాలు మళ్లీ ఎదురుగా కూర్చుని, మొదటినుంచి మాట్లాడాలి.